జొన్న వేరు లేపిన మల్లె

మేము తిరుమలగిరి దగ్గరి మా పల్లెకు తిరిగి వచ్చేసరికి చెలక రెండు వానకాలాలుగా బీడుపడి ఉంది. నలభైల చివరి ఏండ్లు. ఊళ్లో గొడవలకు భయపడి, అత్తను వెంటబెట్టుకుని నేనూ మా ఆయనా కోదాడలో మా పుట్టింట్లో తలదాచుకున్నాం. వచ్చాక అత్త చెలకంతా కలియదిరిగింది. మేం ఊరు విడిచే ముందు జొన్నను పీల్చి తినేసిన మల్లె, పేరుకే మల్లె గానీ అది కలుపు మొక్క, ఇప్పుడు ఒక్కటీ కనబడలేదు.

"పీడ ఇరగడైంది. ఇగ జొన్నేద్దాం," అంది.

చేను మోకాలెత్తుకు ఎదిగాక ఆకులు వడలడం మొదలైంది. వాన పడ్డా తేరుకోలేదు. వంగి చూస్తే మొదళ్ల చుట్టూ జానెడు మల్లె మొక్కలు, వాటికి చిన్న చిన్న తెల్లపూలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. ఒకటి పీకితే పక్కన జొన్న కర్ర కూడా కదిలింది. దాని వేరు జొన్న వేరును కరుచుకుని ఉంది.

పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా పీకేవాళ్లం. పీకిన సాలులోనే మళ్లీ లేచేవి. నా నడుము నాది కాకుండా పోయింది. ఒకనాడు అత్త సాలు మధ్యలోనే కూలబడింది.

"మనం లేనప్పుడు ఒక్కటి మొలవకపాయె. జొన్నేయంగనే లేసినయ్. మన మీద పగబట్టినయా బిడ్డా?"

నీళ్ల ముంత అందించాను.

ఆ ఏడు చేతికొచ్చింది గింజ లేని సొప్పే. మరుసటి ఏడు మా ఆయన ఆముదం వేస్తానంటే అత్త గొంతు లేచింది.

"ఆముదం తాగి బతుకుతమారా?"

"జొన్నేసి మాత్రం ఏం తిన్నమమ్మా? అంత మల్లెనే తిన్నది."

ఆముదమే వేశాం. గొర్రెలమ్మి సూర్యాపేట నుంచి జొన్నలు తెచ్చుకుని, అంబలి పల్చగా కాచుకు తాగాం. జొన్నలు కొనుక్కోవడం అత్తకు చచ్చేంత సిగ్గు. ఆముదం చేలో మాత్రం మల్లె పువ్వు కనబడలేదు.

చాలా ఏళ్ల తర్వాత సూర్యాపేటలో వ్యవసాయ శాఖ ఉద్యోగి ఒకాయన రైతులకు చెబుతుంటే విన్నాను. దుమ్ములాంటి మల్లె విత్తనం మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోతుందట. జొన్న వేరు నుంచి ఊరే రసం తగిలితే మేలుకుంటుందట. ఆముదం వేరూ దాన్ని లేపుతుంది గానీ, ఆ వేరును పట్టుకోలేక మొలక చచ్చిపోతుందట.

ఇంటికొచ్చి, మంచంలో ఉన్న అత్తకు చెప్పాను.

"అంటే మనమేసిన జొన్ననే దాన్ని పిలిసిందన్నట్టు."

"అవునత్తా."

"ఎన్ని పీకినం బిడ్డా," అని గోడవైపు తిరిగి పడుకుంది. నేను కాళ్ల దగ్గర కూర్చుని, ఆమె మోకాళ్లకు నూనె రాశాను.