లవంగం వాసన

మొన్న ఆదివారం సూర్యాపేటలో మా మందిరంలో బాప్తిస్మాలు జరిగాయి. ఇప్పుడు మందిరం వెనకాలే నీలం టైల్సు వేసిన తొట్టి ఉంది, బోరు తిప్పితే గంటలో నిండుతుంది. తెల్లబట్టలతో వరుసలో నిలబడ్డ ఒక యువకుడు పూసుకున్న సెంటు మూడో వరుసలో ఉన్న నా దాకా వచ్చింది. నీళ్లలో మునగబోయే మనిషికి సెంటెందుకని నాకు వెంటనే అనుమానం కలిగింది. పక్కనున్న కోడలితో అంటే, "నీకు అందరి మీద అనుమానమే అత్తమ్మా, పిలగాడు మంచిగ తయారై వచ్చిండు, గంతే" అని నవ్వింది. అయి ఉండవచ్చు. కానీ చిన్నప్పుడు నేను మనుషుల వాసన చూసే పని చేసినదాన్ని, ఆ అలవాటు ఇంకా పోలేదు.

మాది మిర్యాలగూడ దగ్గర కాలువ గట్టు మీద ఊరు. సాగర్ కాలువకు నీళ్లు వచ్చిన కొత్తల సంగతి ఇది. మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో బాప్తిస్మం తీసుకోవాలంటే మనసు మారడం ఒక్కటే చాలదు, కాలువలో నీళ్లు కూడా ఉండాలి. ఒకసారి కాలువ కట్టేశారంటే మళ్లీ వదిలేదాకా నెలల తరబడి కూర్చోవలసిందే. ఆ నెలల్లోనే సంఘపెద్దలు మనిషి నడత కనిపెట్టేవాళ్లు. మా నాయన సంఘపెద్ద. కృప ఉచితమని పాస్టరు అయ్యగారు ప్రసంగంలో చెప్పినప్పుడల్లా నాయన కొంచెం కదిలి కూర్చునేవాడు. ఉచితమని తెలిస్తే మనిషి దాన్ని వాడుకుంటాడని ఆయన భయం. ముందు నీతి కనబడాలి, ఆ తర్వాతే నీళ్లు. నాకు ఇప్పటికీ ఆ భయం పూర్తిగా తప్పని అనిపించదు.

మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు, సాయంత్రం కల్లు తాగేవాడు. చిన్నమ్మ విసిగిపోయి కోదాడలో పుట్టింటికి వెళ్లిపోయింది. చిన్నాయన ఎన్ని ఒట్లు పెట్టినా ఆమె అన్నలు నమ్మలేదు. బాప్తిస్మం కావాలి, ఆపైన మా నాయన వచ్చి సాక్ష్యం చెప్పాలి, అప్పుడే చెల్లెల్ని పంపుతామన్నారు. అలా చిన్నాయన కాపురం నాయన మాట మీద ఆగింది. నాయన మాట నా ముక్కు మీద ఆగింది.

ఎందుకంటే, మందిరంలో మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు చాపల మీద కూర్చునేవాళ్లు, ఎటువైపైనా కూర్చోగలిగే వయసు పిల్లను మా ఇంట్లో నేనొక్కదాన్నే, చెల్లెలు మరీ చిన్నది. పైగా నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే పిల్లనని పేరు. ప్రతి ఆదివారం ఆరాధనకు ముందు నాయన నన్ను పిలిచి, "పోయి మీ చిన్నాయన పక్కన కూసో, జర దగ్గరికి జరుగు" అనేవాడు. నేను జరిగేదాన్ని. ప్రతిసారీ లవంగం వాసన వచ్చేది. అదే నాయనకు చెప్పేదాన్ని. కల్లు వాసన ఉందా అంటే లేదు, లేదని గట్టిగా చెబుదామా అంటే లవంగం అడ్డం. అడిగితే పన్ను నొప్పి అనేవాడు చిన్నాయన. ఏ పన్నో నాయన అడిగితే ఒక వారం ఎడమవైపు చూపించాడు, ఇంకో వారం కుడివైపు. ఆ సంగతి నేనే పట్టుకున్నాను.

చివరికి కాలువ కట్టేసే రోజు దగ్గరపడింది. ఆ బాప్తిస్మాలు జరిగింది శనివారమని మా చెల్లెలు ఇప్పటికీ అంటుంది. కాదు, ఆదివారమే, మర్నాడు సోమవారం నీళ్లు ఆపేస్తారని గేట్లు చూసే కాలువ లస్కరు చెప్పిపోయాడు. ఆ పొద్దున సంఘమంతా గట్టు మీద చేరింది. బాప్తిస్మం తీసుకునే వాళ్లలో చివర చిన్నాయన నిలబడ్డాడు. నాయన నా వైపు చూశాడు. నేను వెళ్లి పక్కన నిలబడి, తిరిగి వచ్చాను.

"వస్తుందా?" అన్నాడు నాయన.

"వస్తుంది" అన్నాను.

"ఏం వాసన?"

"కల్లు."

గట్టు మీద పాట ఆగిపోయింది. చిన్నాయన తల వంచుకుని, "పిల్ల అబద్ధం చెప్పదు. రాత్రి తాగిన అన్నా, దిగాలంటే భయమై తాగిన" అన్నాడు. నాయన అయ్యగారి వైపు తిరిగి, తమ్ముణ్ని మళ్లీ నీళ్లు వదిలేదాకా ఆపాలన్నాడు. ఎవరూ కాదనలేదు. అయ్యగారు మాత్రం అప్పటికే నడుము లోతు నీళ్లలో ఉన్నాడు, అక్కణ్నుంచే నన్ను పిలిచాడు.

"బిడ్డా, లవంగం వాసన గిట్ల వస్తుందా?"

నేను అప్పుడే గమనించాను. "రాదు అయ్యగారూ" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఇన్ని వారాలకు దాసుకోకుండ వచ్చిండు. తానం చేసినోడే దిగాలంటే ఇంక కాలువెందుకు పెద్దయ్యా? రా తమ్మీ, దిగు."

చిన్నాయన దిగాడు. మునిగి లేచిన వాళ్లకు దుప్పటి కప్పడం సంఘపెద్ద పని. నాయన కప్పాడు, కానీ ముఖం పక్కకు తిప్పుకుని కప్పాడు. అది నేను చూశాను.

మర్నాడే నాయన నన్ను వెంటబెట్టుకుని కోదాడ బస్సెక్కాడు. సాక్ష్యం చెప్పాలి కదా. తప్పుడు సాక్ష్యం చెప్పే మనిషి కాదు ఆయన. తాగి వచ్చి మునిగాడని, ఈ పిల్లే వాసన చూసిందని, చిన్నమ్మ అన్నల ముందు ఉన్నదంతా చెప్పేశాడు. వాళ్లు లేచి వెళ్లిపోబోయారు. గుమ్మంలో నిలబడి వింటున్న చిన్నమ్మ నన్ను, ఆ పొద్దున ఆయన నోట్లో లవంగం లేదా అని అడిగింది. లేదన్నాను. "తాగినందుకు రాలేదు బావగారూ నేను, తాగలేదని నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసినందుకు వచ్చేశాను" అని, లోపలికి వెళ్లి సంచి సర్దుకుంది. అన్నలు ఎంత చెప్పినా ఆగలేదు.

ఆ తర్వాత చిన్నాయన తాగలేదా అంటే, తాగాడు. నాకు తెలుసు, ఎందుకంటే తనే వచ్చి నా ముందు వంగి, ముఖం మీద ఊపిరి వదిలి, "సూడు బిడ్డా, వస్తుందా?" అని అడిగేవాడు. వస్తుందంటే చిన్నమ్మ దగ్గరికి వెళ్లి చెప్పుకునేవాడు. కొన్నేళ్లకు వాసన రావడం మానేసింది, అడగడం మాత్రం మానలేదు. నా పెళ్లిలో కూడా, మా అత్తగారి వాళ్లందరి ముందూ, వంగి ఊపిరి వదిలాడు.

నాయన పక్కన కూర్చుని వాసన చూడమని నన్నెప్పుడూ ఎవరూ పంపలేదు. ఆయన పోయాక బట్టలు సర్దుతుంటే, ఆదివారం తొడుక్కునే చొక్కా జేబులో నాలుగు లవంగాలు దొరికాయి. పంటి నొప్పికే అయి ఉంటుంది. అమ్మను నేను అడగలేదు.

చిన్నాయన మిర్యాలగూడ దవాఖానలో పోయాడు. చివరిసారి నేను వెళ్లినప్పుడు మాట సరిగా రావడం లేదు, దగ్గరికి రమ్మని చేత్తో సైగ చేశాడు. వంగాను. ఊపిరి వదిలి, నా వైపు చూశాడు. మందుల వాసన తప్ప ఏమీ లేదు. లేదు చిన్నాయనా అన్నాను.

మొన్న ఆ యువకుడు తొట్టిలోంచి లేచి వచ్చాక అందరికీ చేతులు కలుపుతూ నా కుర్చీ దాకా వచ్చాడు. సెంటు సగం నీళ్లలో పోయింది, సగం ఇంకా ఉంది. దాని కింద ఏముందో నాకు తెలియదు, తెలుసుకునేంత దగ్గరగా అతను నిలబడనూ లేదు. ఇప్పుడు మా మందిరంలో అందరూ శుభ్రంగా వస్తారు, దూరం దూరంగా కుర్చీల్లో కూర్చుంటారు, ఆరాధన కాగానే ఎవరి బండి వాళ్లెక్కి వెళ్లిపోతారు. ముఖంలో ముఖం పెట్టి, వస్తుందా అని నన్ను అడిగేవాళ్లు ఎవరూ లేరు.