మాస్టారు చెప్పిన జపాను చరిత్ర

మా మేనకోడలు గౌరి గీసిన బొమ్మలకు ఒక సాక్ష్యం ఉండాలని ఇది రాస్తున్నాను.

లంజిపల్లిలో కార్టూన్ సినిమాలు తీయడం నేర్పే మాస్టారు ఒకాయన ఉన్నారు. పిల్లలు గీసిన ప్రతి బొమ్మ మీదా రబ్బరు పొట్టును ఉఫ్‌మని ఊది, మూలన తన సంతకం పెడతారు. రోజూ ఒకే జపాను యానిమేషన్ స్టూడియో చరిత్ర చెబుతారు. ఆ చరిత్రలో యజమాని తప్ప మనుషులే ఉండరు.

హుమ్మ అనే ఊరి ఉప్పుమడుల మీద తీసిన సినిమాకు నాలుగు వందల బొమ్మలూ గౌరే గీసింది. తెర మీద మాస్టారి పేరొక్కటే పడింది.

"నా పేరేది మాస్టారూ? కాలేజీ సీటుకి సూపించాల కదా," అంది గౌరి.

"గీసినోల్లందరి పేర్లూ ఏస్తారేటి? జపానులోనూ పెద్దాయన పేరొక్కటే ఏసుకున్నారు."

ఆ స్టూడియో చరిత్ర నేను లైబ్రరీలో రెండుసార్లు చదివాను. చివరి నాలుగు పేజీల నిండా గీసినవాళ్ళ పేర్లే. తెచ్చి చూపించాను.

"ఆల్లు టీలిచ్చినోల్లు," అన్నారు, పుస్తకం మీద కూడా ఉఫ్‌మని ఊది.

ఇంత చదవని గురువును నేనెక్కడా చూడలేదు.

దీన్ని గౌరి దరఖాస్తుకు జతచేస్తున్నాం. పుస్తకం వెతికిచ్చిన లైబ్రేరియన్ సింహాచలం గారికి, గౌరి గీస్తుంటే చూశామని కింద సంతకం పెట్టిన సావిత్రికి, భాస్కర్‌కి కృతజ్ఞతలు. ఆ ఇద్దరూ ఇంకా ఈ మాస్టారి దగ్గరే నేర్చుకుంటున్నారు.