మూసిన గనిదారిలో మా మేనత్త జీపు

మా మేనత్త పోయిందని బేస్తవారం పొద్దున కడప ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. డెబ్బై దాటిన మనిషి. పోయిన నెల దాకా జీపు నడిపింది.

ఆమెది పులివెందుల అవతల కొండ మీద ముప్పై ఇండ్ల పల్లె. ముగ్గురాయి గని నడిచినన్నాళ్లు ఆ దారిలో లారీలు తిరిగేవి. గని మూసినాక దారిని పట్టించుకున్నోళ్లు లేరు. మామ చనిపోయినప్పుడు ఆయన జీపు అమ్మేయమని అందరూ చెప్పినారు. "అమ్మితే కొండమీదోళ్లు ఎట్ల దిగాల?" అని కుచ్చెళ్లు బొడ్డులో దోపి ఆమే స్టీరింగు పట్టింది.

నాకు డ్రైవింగు నేర్పింది ఆ దారిలోనే. ఒక పక్క కొండ, ఇంకో పక్క గనిగుంత. దిగుడులో కంకర జారితే భయపడి బ్రేకు తొక్కినా. బండి గుంత దిక్కు ఈడ్చింది. "కాలు తీ అమ్మీ! మొదటి గేరే పట్టుకుంటాది. భయపడి తొక్కితేనే జారేది" అని అరిచింది. ప్రతి మలుపులో హారను కొట్టేది. ఎవరూ లేరు కదత్తా అంటే, "లేరని నీకెవురు చెప్పినారు?" అనేది.

ఏడాది కిందట, దారి మొదట్లో ఉండే గని గేటుకు గని ఆఫీసోళ్లు గొలుసు కట్టి తాళమేసినారు. ఆ వారమే అత్త కాన్పు నొప్పులు పడతాండే పిల్లను జీపులో తెచ్చింది. కాపలాదారు అడ్డమొచ్చినాడు.

"అక్కా, కాగితాల్లో ఈ దారే లేదు. తాళం తీస్తే నా పని పోతాది."

అత్త అరవలేదు. ఆయన చెయ్యి పట్టుకోని జీపు వెనక్కి తీసకపోయింది. "ఈ పిల్ల మొగం చూసి చెప్పప్పా, దారి లేదని."

ఆయన తాళం తీసినాడు. బిడ్డ ఆస్పత్రిలో పుట్టింది. మరుసటి రోజు అత్త ఆ గొలుసుకు అడ్డంగా జీపు పెట్టి కూర్చుంది. ఆఫీసు కార్లు ఆగిపోయినాయి. బెదిరించినారు, బతిమాలినారు. మూడో రోజు గొలుసే తీసేసినారు. నేను పొగిడితే మాత్రం కసురుకునింది: "మన దారిన మనం పోతే అదేం గొప్ప?"

శవాన్ని తెచ్చిన అంబులెన్సు తారు రోడ్డు అయిపోయిన కాడ ఆగింది. "ఇంక పైకి పోదు. ఈడనే కానీయండి" అన్నాడు డ్రైవరు. మా పెద్దోళ్లూ తలూపినారు. నాకు ఒళ్లు మండింది.

"మామ సమాధి పక్కనే పెట్టాల. పైకే తీసకపోతా."

"ఆ దారిలో నువ్వా?" అన్నాడు చిన్నాయన.

ఆస్పత్రికి దిగిన రోజు ఆమె ఆపిన జీపు ఆడనే ఉండాది. పల్లె నుంచి వచ్చిన నలుగురు ఆమెను ఎత్తి అందులో పడుకోబెట్టినారు. మొదటి గేరులోనే, ప్రతి మలుపులో హారను కొట్టుకుంటా పైకి ఎక్కించినా. ముప్పావు గంట పట్టింది.

మామ పక్కన తవ్విన గుంతలో అత్తకు మట్టి ఇచ్చి లేచి కిందికి చూసినా. తెల్లటి రాతిపొడిలో మా చక్రాల గుర్తులు రెండూ కొండ చుట్టూ తిరిగి కనపడతాండాయి. వాటెంబడే, పంచెలు ఎగ్గట్టుకోని, మా పెద్దోళ్లు ఒకరెనక ఒకరు ఎక్కి వస్తాండారు.