అన్నం మంచిగున్న కాలేజీ

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. అక్కడ ఓవర్సీరుగా ఉన్న మా మామయ్య సలహా కోసం గుంటూరు నుంచి బయలుదేరాను. ఎమ్మేకి నాకు మద్రాసులోనూ కాశీలోనూ సీటు వచ్చింది. కాశీలో గొప్ప ప్రొఫెసర్లు ఉన్నారు. మద్రాసులో సముద్రం, మన భోజనం ఉన్నాయి. ఏ సంగతీ ఆ వారంలోనే తేల్చి రాయాలి.

నిజామాబాద్‌లో ఎక్కిన ఎడ్లబండిలో, పసుపు అమ్ముకుని తిరిగి వస్తున్న ఒక అవ్వ నా పక్కన కూర్చుంది. ఎందుకో ఆమెకు నా బాధంతా చెప్పుకున్నాను.

“ఎన్నేండ్ల సంది సదువుతున్నవ్ కొడుకా?”

“పదహారేళ్ల నుంచి.”

“గిన్నేండ్లు సదివినా ఇంకా రాలేదా?” అంది, నిజంగా జాలిపడి.

నేను బీఏ గురించి వివరించిన కొద్దీ ఆ జాలి పెరిగింది. చివరికి నా భుజం మీద చెయ్యి వేసి, “యాడ అన్నం మంచిగుంటే ఆడికే పో బిడ్డా. సదువు నీకు యాడికి పోయినా రాదు,” అంది. బండి తోలే ఆయన కూడా అవునన్నట్టు తలూపాడు.

బోధన్‌లో దిగాక కూడా ఆమె నన్ను వదల్లేదు. ఫ్యాక్టరీ గోడ కడుతున్న మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయి, “పిలగాడు మంచోడే, సదువొక్కటే రాలే. జర పనిల పెట్టుకో,” అని సిఫారసు చేసింది.

మేస్త్రీ నా అరచేతులు తిప్పి చూశాడు. “గీ చేతులతోని కాదవ్వా,” అన్నాడు.

ఆమె నాకంటే ఎక్కువ బాధపడింది. నేను మామయ్య ఇంటికి వెళ్లి, ఆయన్ను ఏమీ అడక్కుండానే మద్రాసుకు ఉత్తరం రాశాను.