కాంతం కనకాంబరం

"అది సరే బావా, నిన్న మాట సగంలో ఉండగానే ఫోన్ కట్టయిపోయింది. ఇంతకీ మా ఆవిడ ఇచ్చిన కనకాంబరం మొక్క ఎలా ఉందో చెప్పనే లేదు" అన్నాడు భీమశంకరరావు.

"దానికేటి బావా, దివ్యంగా ఉంది" అన్నాడు గురునాథరావు, మొక్కవైపు చూడకుండా.

"అయితే వచ్చే ఆదివారం వస్తాం. కాంతం తన చేత్తో పూలు కోసుకుంటుందంట."

ఫోన్ పెట్టేశాక గురునాథరావు ఆ మొక్కను చూడక తప్పలేదు. ఆకుల అంచులు మాడిపోయాయి. పూలు కాదుగదా, మొగ్గ కూడా లేదు.

ఇద్దరూ స్టీల్ ప్లాంట్‌లో ఒకే షిఫ్టులో, ఒకే కొలిమి దగ్గర పనిచేసి రిటైరైనవాళ్లు. గోదావరి నుంచి వచ్చిన భీమశంకరరావు ఈమధ్యే కూర్మన్నపాలెం ఇల్లు ఖాళీ చేసి దువ్వాడలో ఫ్లాటుకి మారాడు. అక్కడి బాల్కనీలో మధ్యాహ్నమంతా ఎండే. కనకాంబరం అంత ఎండకు ఆగదు. అందుకే కాంతం, పుట్టింటి నుంచి తెచ్చుకున్న కుండీని గురునాథరావు చేతిలో పెట్టి, "అన్నయ్యగారూ, ఇది ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుందండి. కాస్త చూసుకోండి, చాలు" అంది.

ఆయన కాస్త కాదు, చాలానే చూసుకున్నాడు. మునగచెట్టు నీడలో పెట్టాడు. ఆకులమీద దుమ్ము తడిగుడ్డతో తుడిచాడు.

"దిష్టి తగిలింది. వీధిలో అందరికీ సూపించారు గదా" అంది భార్య సన్యాసమ్మ.

"దిష్టయితే నీ కరేపాకుకి తగల్దేటి?"

ఆదివారం చేపలు కడగడం రిటైరయ్యాక ఆయన పుచ్చుకున్న పని. ఫోన్ వచ్చిన ఆ ఆదివారమూ కుళాయి దగ్గర కూర్చుని కానాగంతలకు రాళ్లుప్పు పట్టించి తోమాడు. కడిగిన నీళ్ల బేసిన్ ఎత్తుకుని తిన్నగా కనకాంబరం దగ్గరికి నడిచాడు.

"ఏటి సేత్తన్నారు?" గుమ్మంలోంచి అడిగింది సన్యాసమ్మ.

"సేపల నీళ్లే. నీ కరేపాకు దీంతోనే గదా బలిసింది."

"నాను పోసేది ఉప్పెయ్యకముందు కడిగిన నీళ్లు. ఇవి ఉప్పు నీళ్లు. ఎన్నాళ్ల నుంచి పోత్తన్నారేటి?"

ఆయన బేసిన్ కిందపెట్టి, కుండీలో మట్టిని వేలితో గీరాడు. పైన ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది.

కుండీని కుళాయి కింద పెట్టి, అడుగునుంచి తేట నీరు కారేదాకా కదల్లేదు. తర్వాత ఎండుకొమ్మలు కత్తిరించాడు. మొదలు దగ్గర ఒకేఒక్క చిగురు, గోరంత.

"వచ్చే ఆదివారానికి ఇదేటి పూత్తాది. నర్సరీ నుంచి ఇంకోటి తెచ్చీసి పెట్టండి, ఆవిడ పోల్చుకోలేదు" అంది సన్యాసమ్మ.

ఆయన ఆ మాట కొట్టిపారేయలేదు. కాసేపు నిజంగానే ఆలోచించాడు. కొలిమిలో మంట రంగు తేడాగా ఉంటే షిఫ్టులో ముందు నోరు విప్పేవాడు తనే. అది ఎవరి పొరపాటని చూసేవాడు కాదు, తనదైనా సరే. ఇప్పుడు ఒక పూలమొక్క దగ్గర, అదీ నమ్మి ఇచ్చిన మనిషి దగ్గర, నోరు కట్టుకుని కూర్చోవడమా?

చేపల వాసన పోయేదాకా చేతులు కడుక్కున్నాడు. టీ తాగి ఫోన్ చేద్దామనుకున్నాడు. బావకి కాదు, కాంతానికే.