గూడూరు బావినీళ్లలో నీలగిరి ఆకు

1962 జూన్‌లో నన్ను ఒక టీ కంపెనీ వాళ్లు తమ గూడూరు డిపోలో అసిస్టెంట్ టీ టేస్టరుగా వేశారు. టేస్టరంటే తేయాకు రుచి చూసి, ఏ ప్రాంతానికి ఏ ఆకు పంపాలో చెప్పేవాడు. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. చిల్లకూరు దగ్గర మా తాతగారికి ఉన్న భూములు మా నాన్నగారి హయాంలోనే పోయాయి. మాకు మిగిలింది ఇంటిపేరూ, నిటారుగా నిలబడే అలవాటూ.

ఆకు పరీక్షకు ఒక పద్ధతి ఉంది. అన్ని రకాలూ సమంగా తూచి మూతగల పింగాణీ పాత్రల్లో వేసి, మరిగే నీళ్లు పోసి, ఒకే వ్యవధి పాటు నాననివ్వాలి. డికాషన్ కప్పులోకి వంచి, తడి ఆకును మూత మీద బోర్లించి రంగూ వాసనా చూడాలి. ఆపైన చెంచాడు డికాషన్‌ను గాలితో కలిపి గట్టిగా జుర్రాలి. అది తుంపరలై అంగిలికీ ముక్కు వెనక్కీ ఒకేసారి చేరితేనే రుచి పూర్తిగా తెలుస్తుంది. తర్వాత ఉమ్మెయ్యాలి. గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి తాగే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆ పని డిపో గది తలుపు మూసుకునే చేసేవాణ్ణి.

ఆగస్టులో మద్రాసు నుంచి సీనియర్ టేస్టర్ రాఘవన్ గారు వచ్చారు. ఈ కోస్తా హోటళ్లకు ఒకే ఆకు నిర్ణయించి, సాయంత్రం రైలెక్కే లోపల తంతి కొట్టాలి. ఆయన క్యాన్లో వెంట తెచ్చుకున్న మద్రాసు నీళ్లలో నీలగిరి కొండల తేయాకు అద్భుతంగా ఉంది. నాలుక మీద చురుక్కుమంది, వెనకే పూల వాసన. దాని పక్కన అస్సాం ఆకు మోటుగా తోచింది. ఆయన నీలగిరి అని తంతి రాసేశారు.

నాకు మనసొప్పలేదు. గూడూరు హోటళ్లలో వాడేది ఉప్పు బావినీళ్లు. వాటిలో కందిపప్పు ఉడకదని మా ఇంటికి ఏటి ఇసుకలో చెలమ తీసి నీళ్లు తెచ్చేవాళ్లు. పప్పును ఉడకనివ్వని నీళ్లు ఆకును వదులుతాయా? హోటల్లో పరీక్షించాక తంతి పంపుదామన్నాను. ఆయన ఒప్పుకున్నారు. కానీ నా మాట తప్పయితే నా ఉద్యోగం ఖాయం చేయమని రాయలేనని మర్యాదగానే చెప్పారు.

స్టేషన్ దగ్గర ఖాదర్ భాయ్ హోటల్లో, పదిమంది చూస్తుండగా, అక్కడి బావినీళ్లతోనే డికాషన్లు తీసి కప్పులు పేర్చాను. నీలగిరి, అస్సాం, వాటి పక్కన నిమ్మగడ్డి, సొంటి.

"ఇవెందుకు?" అన్నారు రాఘవన్ గారు.

"జొరమొస్తే మా జనం టీ మానేసి ఇయ్యే అడగతారు సార్" అన్నాడు ఖాదర్ భాయ్.

నేను మొదటి చెంచా జుర్రాను. హోటలంతా తిరిగి చూసింది. ఒకప్పుడు మా పొలం కౌలుకు చేసిన వెంకయ్య బెంచీ మీంచి లేచాడు.

"ఏంది దొరా ఇది! మీ తాత మంచినీళ్లు గూడా మూతికి తగలనీకుండా తాగినాడే. నువ్వేంది, ఇంత రచ్చ జేసి జుర్రతా ఉండావు?"

"ఆయన దాహానికి తాగారు వెంకయ్యా. నేను జీతానికి తాగుతున్నాను."

"అయితే మింగరాదా, ఉమ్మేదెందుకు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నడుము వంచకుండా రెండో చెంచా ముంచాను. సొంటి ఘాటు తగ్గలేదు. నిమ్మగడ్డి పరిమళం అలాగే ఉంది. అస్సాం కాస్త మందగించినా నిలబడింది. నీలగిరి మాత్రం నల్లబడి, పైన తెట్టు కట్టి, చప్పగా చచ్చిపోయింది!

కప్పులు తారుమారు చేసి రాఘవన్ గారి ముందు పెట్టాను. ఆయన వరసగా జుర్రి, ఒక కప్పు దగ్గర ముఖం చిట్లించారు.

"ఇదేం పాత సరుకు?"

"తమరు పొద్దున ఖాయం చేసిన ఆకేనండీ."

ఆయన మళ్లీ జుర్రారు, నాకంటే గట్టిగా. "ఈయన గూడా అంతేనా!" అన్నాడు వెంకయ్య. రాఘవన్ గారు జేబులోని తంతి కాగితం తీసి, నీలగిరి కొట్టేసి అస్సాం అని రాశారు. ఆ నెలాఖరుకే నా ఉద్యోగం ఖాయమైంది.

ఆకు మంచిచెడ్డలు తాగేవాళ్ల ఊరి నీళ్లలోనే తేల్చాలి. తర్వాత ఎక్కడికి బదిలీ అయినా మొదట ఆ ఊరి బావినీళ్లు రుచి చూసి, అప్పుడే ఆకు డబ్బా మూత తీశాను. పరీక్ష గది తలుపు మాత్రం మళ్లీ మూయలేదు.