జిలాలీ గుర్రానికి తామూ వైద్యం

బూషైబ్ కూతురు తామూ ముందు లాడం మాట ఎత్తకూడదని దుక్కాలా పల్లెల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎత్తితే ఎత్తినవాడి ఏడు తరాలూ వీధిలోకొచ్చేవి. వైద్యానికొచ్చిన చుట్టుపక్కల ఊళ్ళ గుర్రాలు ఆవిడ పెరట్లో ఉత్త కాళ్ళతో తిరిగేవి. వాటి కాళ్ళకి తాళ్ళుండవు, ఎండైనా వానైనా ఆరుబయటే. వాగులోంచి మోయించి పరిచిన గులకరాళ్ళ మీదే నడక. గడ్డి కడుపునిండా, బార్లీ మాత్రం పిడికెడు. బార్లీ కుమ్మరించడమే ప్రేమనుకునే ఆసాములు గొణిగితే, "అంత తిండికి నీకైతే బొజ్జొస్తుంది, గుర్రానికైతే కాళ్ళు పోతాయి" అనేది. ఆవిడది మంచి హస్తవాసి అన్నారు గానీ, మంచి మనిషని ఎవరూ అనలేదు.

ఆ కోపం ఒక మేకుతో మొదలైంది. ఎండాకాలం జాతరలో జరిగే తుపాకుల పరుగులో తామూ ఊరి జట్టుకి జిలాలీ పెద్ద, మొఖద్దం. గుర్రాలన్నీ ఒక్క వరసలో దూసుకురావాలి, మొఖద్దం కేకెయ్యగానే తుపాకులన్నీ ఒక్కటే చప్పుడుగా పేలాలి. ఒక ఏడు జాతర ముందురోజు జిలాలీ బావమరిది జట్టు గుర్రాలకి కొత్త లాడాలు కొట్టాడు. అరికాలు మొత్తం కప్పేసే ఇనుపరేకులవి. బూషైబ్ ఆడగుర్రం జర్ఖాకి మేకు పచ్చిమాంసంలోకి దిగింది. డెక్క వేడెక్కిందనీ, కాలు మోపడం లేదనీ బూషైబ్ మొత్తుకున్నాడు. వరసలో ఖాళీ ఉంటే పరువు పోతుంది, ఎక్కమన్నాడు జిలాలీ. మైదానం మధ్యలో జర్ఖా కూలింది. ముసలాయన తుంటి దాని కింద పడి నలిగిపోయింది.

తుంటి విరగడం ఒక ఎత్తు, ఆ తర్వాతి మాట ఒక ఎత్తు. బావమరిది తప్పు బయటపడకుండా జిలాలీ మైదానంలోనే, పెద్దలందరి ముందు, "ముసలోడికి జీను మీద కూర్చోవడం చేతకాలేదు" అన్నాడు. పాలు మరిచిన నాటినుంచీ గుర్రమెక్కినవాడు బూషైబ్. అలాంటివాడు ఆ మాట విన్నాక మంచం దిగలేదు. సంతకి మోసుకెళ్తామన్నా రానన్నాడు. జాతర తుపాకులు వినబడకుండా కిటికీ మూయించేవాడు.

జర్ఖాని చంపెయ్యమన్నారు అందరూ. తామూ లాడం ఊడబెరికింది. మేకు దారిలో చీము నల్లగా కారింది. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళలో కాలు నానబెట్టి, కుళ్ళింది చెక్కి, అంచులు ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, రోజూ కాస్త కాస్త నడిపించింది. పాత డెక్క అరిగిపోయి పైనుంచి కొత్తది పూర్తిగా దిగేసరికి ఏడాది పట్టింది. అంతకాలమూ తామూ ఒకటే కోరుకుంది. తండ్రి పరువు తీసిన ఆ నోరే, అదే మైదానంలో, తప్పు మేకుదని ఒప్పుకోవాలి.

దేవుడు ఆలస్యంగానైనా కరుణించాడు. ఒక వేసవిలో, జాతర ఇంకా నెలే ఉందనగా, జిలాలీ ప్రాణంగా చూసుకునే నల్ల మగగుర్రం ముందుకాలు కుంటింది. బావమరిది లాడం మార్చి కొట్టాడు, ఇంకా కుంటింది. దిక్కులేక జిలాలీ తామూ గుమ్మానికొచ్చాడు. ఉత్త చేతుల్తో వస్తే తరిమేస్తుందని తెలుసు, అందుకే పొట్టేలుని తోలుకొచ్చాడు. ఆవిడ తలుపు తీసేలోపే గడప మీద దాన్ని కోశాడు. గడప మీద నెత్తురు పడ్డాక అడిగినవాడిని కాదనకూడదు. కాదన్న ఇంటికి అరిష్టం.

తామూ నెత్తురుకేసి చూసింది. "అడుగు" అంది.

"నా గుర్రం కాలు బాగుచెయ్యి తల్లీ. నీ జర్ఖా కాలెలా చేశావో అలా చెయ్యి. పూర్తిగా."

ఆవిడకి నవ్వొచ్చింది, పైకి నవ్వలేదు. ఆ మొనగాడు క్షమించమని అడగొచ్చు, జాతరలోపు అని అడగొచ్చు. రెండూ అడగలేదు. ముందు గుర్రమే గుర్తొచ్చింది మరి.

"అలాగే చేస్తాను. నయమైందని నేను చెప్పేదాకా నీ గుర్రం నా పెరట్లోంచి కదలదు" అంది. కోసిన పొట్టేలు సాక్షిగా జిలాలీ తలూపాడు.

వైద్యంలో ఆవిడ వీసమెత్తు మోసం చెయ్యలేదు, గుర్రం ఆవిడకేం చేసింది గనక. రేకు తీస్తే లోపల మాగిన కుళ్ళు కంపుకి జిలాలీయే ముక్కు మూసుకున్నాడు. ఆ కాలు అతనిచేతే పట్టించి, మేకు ఏ దారిన మాంసంలోకి పోయిందో పుల్ల పెట్టి చూపించింది. తండ్రి పేరెత్తలేదు. జిలాలీ చెవులు ఎర్రబడ్డాయి. జాతరకి గుర్రం ఇస్తావా అని అడిగితే, డెక్క పైనుంచి పెరగాలి గదా, పూర్తిగా అని అడిగింది నువ్వే గదా అంది.

ఆ ఏడు మొఖద్దం జాతరలో నేల మీద నుంచున్నాడు. వేరే గుర్రమెక్కితే నల్లగుర్రం ఏమైందని అడుగుతారు, అడిగితే బావమరిది బండారం బయటపడుతుంది. నడుం నొప్పన్నాడు. కేకెయ్యడం ఒక కుర్రవాడి పాలైంది. వేరుశనక్కాయలమ్మే ఆడవాళ్ళ మధ్య, చిన్న పిల్లల మధ్య తెల్లబట్టలేసుకుని నుంచున్న జిలాలీని తామూ కళ్ళారా చూసుకుంది. "నడుం ఎలా ఉంది మొఖద్దం?" అని నలుగురూ వినేలా అడిగింది కూడా. అంత కమ్మటి రోజు ఆవిడ జీవితంలో ఇంకోటి లేదు.

చలికాలంలో ఒక వానపొద్దున జిలాలీ మళ్ళీ వచ్చాడు. గుర్రం కోసం కాదన్నాడు. పైన వేసుకున్న ఉన్ని బుర్నూసు అంగీ తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"మీ నాన్నని ఒక్కసారి చూడనీ. ఆయన ముందు కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్తాను. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

తామూ తలుపుకి అడ్డంగా నిలబడింది. "పదిమందిలో తీసిన పరువు గదిలో తెచ్చిస్తావా? మైదానంలో చెప్పు."

"మైదానంలోనూ చెప్తాను తల్లీ, అది ఎండాకాలం మాట. ముసలాయనకి ఇప్పుడు చెప్పనీ."

లోపల్నుంచి బూషైబ్ దగ్గుతూ ఎవరొచ్చారని అడిగాడు.

"ఎవరూ లేరు నాన్నా. గడ్డి తెచ్చినతను" అని తామూ తలుపు వేసేసింది. గది మాట గదిలోనే పాతేసి, తర్వాత తప్పించుకుంటాడని ఆవిడ భయం. వాడు ఇంకో జాతరలోనూ నేల మీదే నుంచోవాలన్న ఆశ కూడా ఉంది, అది దాచడమెందుకు.

చలికాలం వెళ్ళి, బాకలా చిక్కుళ్ళు కాపుకొచ్చిన రోజుల్లో బూషైబ్ పోయాడు. కిటికీ మూసే ఉంది.

ఎండాకాలం వచ్చింది. గులకరాళ్ళ మీద ఉత్త కాళ్ళతో జిలాలీ గుర్రం రాళ్ళు ఎగిరేలా పరిగెత్తుతోంది. పరుగులు మొదలవకముందే జిలాలీ పెద్దల గుడారం ముందుకి నడిచి, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. మేకు తన బావమరిది కొట్టిందనీ, కుంటుతున్న గుర్రాన్ని ఎక్కమన్నది తనేననీ, బూషైబంతటి రౌతు ఆ వరసలో లేడనీ, చివర నుంచున్నవాళ్ళకి కూడా వినబడేలా చెప్పాడు. గొంతు ఎక్కడా తగ్గించలేదు. బావమరిది జనంలోంచి తల దించుకుని జారుకున్నాడు. తామూ గుర్రాన్ని నడిపించుకొచ్చి కళ్ళెం జిలాలీ చేతికిచ్చింది, నయమైందంది. ఆవిడ అనుకున్నదంతా అనుకున్నట్టే జరిగింది, ఒక్క మాట తగ్గలేదు.

జనం విడిపోతుంటే పొరుగు తెగ ముసలి రౌతొకడు కర్ర ఊతంగా నడుస్తూ ఆవిడ దగ్గరికొచ్చాడు. కొండలవతలి మనిషి, జాతరకి తప్ప ఇటు రాడు. కళ్ళు తుడుచుకుంటూ తామూ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇక్కడెందుకు నుంచున్నావు బిడ్డా? ముందు ఇంటికెళ్ళి మీ నాన్నకి చెప్పు. ఈ మాట కోసమే చూస్తుంటాడు పాపం."

"చెప్తాను బాబాయ్" అంది తామూ.